చూపు చాలదు, పేరు చదవాలి

2019 మార్చిలో హైదరాబాదు నాంపల్లిలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో పసిపిల్లలకు టీకాలు వేశారు. జ్వరం వస్తే వేయమని తల్లుల చేతికి పారాసిటమాల్ మాత్రలు ఇవ్వాలి. కానీ ఇచ్చినవి ట్రమడాల్. అది నల్లమందులా పనిచేసే నొప్పిమాత్ర. పసివాళ్ల ఊపిరిని మందగింపజేస్తుంది. ఎందరో పిల్లలు నీలోఫర్ ఆస్పత్రిలో చేరారు. ప్రాణనష్టమూ జరిగింది. రెండు మాత్రల పట్టీలూ ఒకేలా ఉండటంతో మారిపోయాయని అప్పట్లో వార్తలొచ్చాయి.

మనం ప్రతి అక్షరాన్నీ కూడబలుక్కుని చదవం. రంగు, ఆకారం, ఉన్న చోటు చూస్తాం. మిగతాది మెదడే పూరించుకుంటుంది. రోజూ ఒక అరలో పారాసిటమాలే ఉంటే కంటికి ఆ పేరే కనబడుతుంది. అందుకే ఎంత అనుభవమున్న నర్సు అయినా పొరబడవచ్చు. రాత్రి డ్యూటీ అలసటలో, మందు తీస్తుండగా ఎవరో పిలిచినప్పుడు ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ.

దీనికి విరుగుడుగా నర్సింగ్ చదువులో అయిదు మాటలు నేర్పుతారు: సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన వేళ. మొదటిది మన కదిరిలో మరీ ముఖ్యం. నరసింహస్వామి పేరు పెట్టుకోని ఇల్లు ఇక్కడ అరుదు. ఒకే వార్డులో ఇద్దరు నరసింహులు ఉండటం వింతేమీ కాదు. "నరసింహులేనా?" అని అడిగితే ఇద్దరూ ఊ అంటారు. "నీ పేరేంది, మీ నాయన పేరేంది?" అని వాళ్ల నోటితోనే చెప్పించాలి.

మోతాదు తప్పు ఇంట్లోనూ జరుగుతుంది. మన దగ్గర ఇన్సులిన్ సీసాల్లో చాలావాటిలో మిల్లీలీటరుకు 40 యూనిట్లుంటాయి, కొన్నింటిలో 100. ఎర్రమూత సిరంజి 40 రకానికి, నారింజ మూతది 100 రకానికి. 100 రకం మందును ఎర్రమూత సిరంజిలో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 50 యూనిట్లు. చక్కెర పడిపోయి మనిషి స్పృహ తప్పవచ్చు.

మందుల పొరపాట్ల వల్ల కలిగే తీవ్రమైన హానిని అయిదేళ్లలో సగానికి తగ్గించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పిలుపునిచ్చింది. కానీ పొరపాటు జరిగాక నర్సును సస్పెండ్ చేసి ఊరుకుంటే ఒకేలా ఉన్న ఆ రెండు పట్టీలూ అదే అరలో పక్కపక్కనే ఉంటాయి, రేపు ఇంకో చేతికి అందుతాయి. ముందు వాటిని వేరు చేయాలి.

మంచం పక్కన కూర్చున్న మనకూ ఇందులో పని ఉంది. "ఇదేం మందు సిస్టర్, దేనికి?" అని అడగండి. ఆమె చెప్పడానికి ఒక్కసారి పట్టీ తిప్పి పేరు చదువుతుంది. నాంపల్లిలో జరగాల్సింది ఆ ఒక్క పనే.