అమ్మమ్మ ఆయుధం

మాజీ సైనికుల్ని ఎవర్నైనా కదిపి చూడండి. తమ రైఫిలు గురించి కన్నబిడ్డ గురించి చెప్పినంత మురిపెంగా చెప్తారు. మరి మా అమ్మమ్మకి ఇష్టమైన ఆయుధమేంటో తెలుసా? రోకలి!

నవ్వకండి. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకి బలయ్యాక జనగామ పల్లెలన్నీ లేచాయి. అప్పుడు ఆడవాళ్ల చేతికందినవి రోకలి, కారప్పొడి, వడిసెల. చేలో పిట్టల్ని తోలే వడిసెలే దొరల గూండాల్నీ తోలింది. తాడు మధ్య అల్లికలో రాయి పెట్టి గిరగిరా తిప్పి, ఒక కొస వదిలేయడమే! పాలకుర్తిలో ఐలమ్మ తన పంటను దొరకు దక్కనివ్వలేదు. మల్లు స్వరాజ్యం తుపాకీ పట్టి దళాన్నే నడిపారు.

"నాకు తుపాకి ఎవరిస్తరు బిడ్డా? రోకలైతే రోజూ పట్టేదేనాయె. చెయ్యి వణకలే" అనేది అమ్మమ్మ.

1951లో పోరాటం ఆగింది. రోకలి మళ్లీ రోటి దగ్గరికి, అమ్మమ్మ మళ్లీ పొయ్యి దగ్గరికి. పింఛను అడగమంటే, "కారం దంచేదానికి కాగితాలెక్కడివి?" అని నవ్వేసింది. 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఐలమ్మ పేరు పెట్టారు. సంతోషమే. అమ్మమ్మలాంటివాళ్ల పేర్లు మాత్రం ఏ గోడ మీదా లేవు.

ఆమె పోయాక భూపాలపల్లి అక్క గాజులు తీసుకుంది, మహబూబాబాద్ చెల్లెలు ఇత్తడి బిందెలు. రోకల్ని కట్టెల్లో వేద్దామన్నది నేనే. అమ్మ ఒక్క మాటా అనకుండా దాన్ని కడిగి నా చేతిలో పెట్టింది.

ఇప్పుడది మా మిక్సీ పక్కనే నిలబడి ఉంది. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ రోజే అడగండి. రేపటికి రోకలి మిగిలినా, కథ మిగలదు.