పేరు చూసి కోర్సు ఎంచుకుంటే చిక్కే!
ఇంటర్ తర్వాత చదువులపై తల్లిదండ్రులకు అవగాహన అవసరం

ముప్పాళ్ళ: ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడితే చాలు, ముప్పాళ్ళ మండల గ్రామాల్లో ఎక్కడ నలుగురు కూడినా కోర్సుల మాటే. మిర్చి, పత్తి అమ్మిన సొమ్ముతో పిల్లలను చదివించే రైతు కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు. తొందరపడి పొరపాటు కోర్సులో చేర్పిస్తే ఫీజు డబ్బు, పిల్లవాడి కాలం రెండూ తిరిగి రావు.

చిక్కంతా పేర్లతోనే వస్తున్నది. బై.పి.సి. చదివిన వారికి బి.ఎస్సి. పేరుతో రెండు దారులున్నాయి. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం వంటివి బోధించే బి.ఎస్సి. నాగార్జున విశ్వవిద్యాలయ అనుబంధ డిగ్రీ కళాశాలల్లో ఉంటుంది. వ్యవసాయ బి.ఎస్సి. మాత్రం 1964లో ఏర్పడిన వ్యవసాయ విశ్వవిద్యాలయానిది, నాలుగేళ్ల చదువు. వ్యవసాయాధికారి ఉద్యోగానికి ఈ రెండోదే కావాలి. మొదటిది పనికిరాదు.

బి.ఇడి., ఎల్.ఎల్.బి. పేర్లలో 'బ్యాచిలర్' అని ఉన్నా, రెండేళ్ల బి.ఇడి.కి, మూడేళ్ల ఎల్.ఎల్.బి.కి ముందుగా డిగ్రీ పూర్తి చేయాలి. అయిదేళ్ల బి.ఎ., ఎల్.ఎల్.బి.లో ఇంటర్ కాగానే చేరవచ్చు. ఫార్మ్.డి. పేరులో 'డాక్టర్' ఉన్నా అది ఇంటర్ తర్వాత చేరే ఆరేళ్ల కోర్సు. పిహెచ్.డి. పరిశోధన పట్టం, దానితో దీనికి పోలిక లేదు.

ఈ గందరగోళం మన ఒక్కచోటే లేదు. అందుకే ఐక్యరాజ్య సమితి విద్యా సంస్థ యునెస్కో చదువు మెట్టును, విషయాన్ని విడివిడిగా లెక్కిస్తుంది. 2011 నాటి వర్గీకరణలో బ్యాచిలర్ స్థాయి 6, మాస్టర్స్ 7, డాక్టరేట్ 8. విషయాలను 2013లో వేరుగా 11 విభాగాలు చేసింది. అందులో వ్యవసాయానికి, విజ్ఞాన శాస్త్రాలకు వేర్వేరు విభాగాలున్నాయి.

ఇప్పుడు కంప్యూటర్లలో ఈ వివరాలను 'నాలెడ్జ్ గ్రాఫ్' పద్ధతిలో పొందుపరుస్తున్నారు. ఇది చుట్టరికం వంటిదే. ఒకే మనిషి ఒకరికి మేనమామ, మరొకరికి బావ, ఇంకొకరికి అల్లుడు. అలాగే ఒక కోర్సుకు మెట్టుతో ఒక సంబంధం, విషయంతో మరొకటి, పట్టం ఇచ్చే విశ్వవిద్యాలయంతో ఇంకొకటి, చేరడానికి కావలసిన అర్హతతో వేరొకటి ఉంటాయి. అన్నింటినీ ఒకే పేరు కింద పడేస్తే కంప్యూటరైనా తప్పు దారే చూపుతుంది.

కాబట్టి ఫీజు కట్టేముందు నాలుగు ప్రశ్నలు అడగాలి. చేరేందుకు ఏ అర్హత కావాలి? ఎన్నేళ్లు చదవాలి? ప్రధాన విషయం ఏది? పట్టం ఎవరిస్తారు? నాలుగో ప్రశ్న మరీ ముఖ్యం. 1956 నాటి యు.జి.సి. చట్టంలోని 22వ సెక్షన్ ప్రకారం పట్టం ఇచ్చే హక్కు అర్హత గల విశ్వవిద్యాలయాలకు, చట్టం గుర్తించిన సంస్థలకే ఉంది. కళాశాల బోర్డుపై ఎంత పెద్ద పేరు రాసినా ఆ హక్కు రాదు. యు.జి.సి. నిర్దేశించిన పట్టాల జాబితా 2014లో గెజెట్‌లో వెలువడింది.

ఈ వివరాలను ఒక పట్టికగా రాసి మండలంలోని హైస్కూళ్లలో, పంచాయతీ కార్యాలయాల్లో వేలాడదీస్తే ఖర్చు స్వల్పం, మేలు అధికం. పదో తరగతి పరీక్షలకు ముందే విద్యాశాఖ ఆ పని చేయిస్తే, గ్రూపు ఎంచుకునే నాటికే పిల్లలకు దారి తెలుస్తుంది.