1942లో దుఖాన్, విశాఖ

దోహాలో మేముండే పేట పేరు ఓల్డ్ ఎయిర్‌పోర్ట్. ఫలకం అక్కర్లేదు, కథంతా పేరులోనే ఉంది. ఇంకా పాత గుర్తులు మాత్రం వెతుక్కోవాలి. 1966 దాకా ఇక్కడ చెల్లింది రూపాయే! 1959 నుంచి గల్ఫ్ కోసమే రిజర్వు బ్యాంకు వేరే నోట్లు అచ్చు వేసింది. 1916 నాటి ఒప్పందంతో ఖతార్ విదేశీ వ్యవహారాలు బ్రిటన్ చేతికి వెళ్లాయి. అవి తిరిగొచ్చింది 1971లో.

మా పిల్లలకు నేను ఎక్కువగా చెప్పేది 1942 గురించి. దుఖాన్‌లో చమురు పడి ఎంతో కాలం కాకముందే యుద్ధం వచ్చి, ఆ ఏడాది బావులు పూడ్చేశారు. ముత్యాల వ్యాపారం అప్పటికే చితికిపోయింది. తిండి లేక జనం ఊళ్లు విడిచిపోయారు. చమురు ఎగుమతి మొదలైంది 1949 డిసెంబరు ఆఖర్న.

అదే 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. ఆంధ్రా యూనివర్సిటీ క్యాంపస్ సైన్యానికి అప్పగించి, చదువులు గుంటూరుకు తరలించారు. ఆ క్యాంపస్‌లోనే నేను పీజీ చేశాను. సాయంత్రాలు బీచ్‌లో, ఇసుకలో కూరుకుపోయిన యుద్ధకాలపు కాంక్రీటు పిల్‌బాక్సు పక్కన కూర్చుని ముంత మసాలా తినేవాళ్లం. అదేమిటో చెప్పే బోర్డు ఆ రోజుల్లో నాకు కనబడలేదు.

ఈ సెలవుల్లో విశాఖ వెళ్లేవాళ్లు బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియానికి పిల్లల్ని తీసుకెళ్లండి. ఆనాటి జపాన్ బాంబు అక్కడుంది. తర్వాత అలా నడుస్తూ పిల్‌బాక్సు కూడా చూపించండి.