మోటారు కంపెనీల పొత్తులు - పేరుయొక్క విలువ

మన మేడ్చల్ మీదుగా పోవు 44వ నంబరు జాతీయ రహదారి ప్రక్కను నిలిచిన బాలురకు ఒక వేడుక గలదు. క్రొత్త కార్లను రెండంతస్తులుగా పేర్చుకొని పోవు పొడవైన లారీలను చూచి, వానిలోని కార్ల పేర్లు చెప్పుట ఆ వేడుక. ఒకడు “హ్యుందాయ్ కారు మేలు” అనును. మఱియొకడు “కాదు, కియా కారే మేలు” అనును. వాదము పెరుగును. ఆ యిరువురును తఱచుగా ఎఱుగని సంగతి యొకటి యున్నది. ఆ రెండు పేర్లును ఒకే కుటుంబమునకు చెందినవి. ఆ రెండు కార్లలోను పెక్కుసారులు ఒకే తరగతి ఇంజను పనిచేయుచుండును. అట్లయిన రెండు పేర్లేల? ఒక గృహస్థుడు ఎన్నో యేండ్లు కూడబెట్టిన సొమ్ముతో కారు కొనునప్పుడు, అతడు ఇనుమునకు వెల యిచ్చుచున్నాడా, పేరునకు వెల యిచ్చుచున్నాడా? ఈ ప్రశ్నలను విచారించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

పొత్తునకు మొదటి కారణము వ్యయము. చిన్న మరలతో కూడ లెక్కించినచో ఒక కారులో సుమారు 30,000 భాగములుండును. క్రొత్త కారును రూపొందింపవలెనన్న ఇంజనీర్లు కొన్ని సంవత్సరములు నమూనాలు గీయవలెను, ఇంజనును పరీక్షింపవలెను, బండిని గోడకు ఢీకొట్టించి, లోపల కూర్చుండువారికి రక్షణ గలదో లేదో చూడవలెను, ఉక్కు రేకులను తలుపులుగను కప్పుగను మలచు పెద్ద అచ్చులను చేయింపవలెను. ఒక్క కారైనను అమ్ముడుపోకముందే ఈ వ్యయమంతయు జరిగిపోవును. లెక్కకొఱకు ఆ వ్యయము 1,000 కోట్ల రూపాయలనుకొందము. లక్ష కార్లు అమ్మినచో ఒక్కొక్క కారుపై లక్ష రూపాయల భారము పడును. ఐదు లక్షల కార్లు అమ్మినచో ఆ భారము 20,000 రూపాయలకు దిగును. ఒంటరియైన చిన్న కంపెనీ అన్ని కార్లను అమ్మజాలదు. కావున అది మఱియొక కంపెనీతో కలసి, ఒకే ఇంజనును ఒకే అడుగుచట్రమును ఉభయులును వాడుకొనునట్లు ఒడంబడిక చేసికొనును. మన పల్లెలలో చిన్న కమతముల రైతులిద్దరు చెఱియొక యెద్దును తెచ్చి ఒక అరక కట్టుకొనుట వంటిదే యిది.

ఇట్టి కలయికలు ముఖ్యముగా నాలుగు విధములు. రెండు కంపెనీలు కరగి ఒకటియగుట మొదటిది, దీనిని విలీనమందురు. ఒక కంపెనీ మఱియొకదాని వాటాలను కొని, దాని పేరును మాత్రము అట్లే నిలుపుట రెండవది. ఇరువురును పెట్టుబడి పెట్టి మూడవదానిని స్థాపించుట ఉమ్మడి వ్యాపారము. 1982లో భారత ప్రభుత్వపు మారుతీ సంస్థయు, జపాను దేశపు సుజుకీ కంపెనీయు చేసికొనిన ఒడంబడిక ఈ తెగకు చెందినది. తమ తమ పేర్లతో నిలిచియే ఒకరి వాటాలను ఒకరు కలిగియుండి, పనిని పంచుకొనుట నాలుగవది. ఫ్రాన్సు దేశపు రెనో, జపాను దేశపు నిస్సాన్ కంపెనీలు 1999లో ఆరంభించిన స్నేహము ఇట్టిది.

పైన చెప్పిన హ్యుందాయ్, కియాల కథ రెండవ విధమునకు చక్కని దృష్టాంతము. కియా కంపెనీ 1944లో కొరియా దేశమున సియోల్ నగరములో పుట్టినది. అప్పుడది చేయుచుండినవి సైకిలు భాగములు. తరువాత మోటారుసైకిళ్లు, లారీలు, తుదకు కార్లు చేయ నేర్చినది. హ్యుందాయ్ మోటారు కంపెనీని 1967లో స్థాపించినవాడు చుంగ్ జు-యుంగ్ అను పేదరైతు కుమారుడు. ఈ రెండును చిరకాలము పోటీదారులుగా నుండెను. ఆ దినములలో కియా చేసిన చిన్నకారొకటి అమెరికాలో ఫెస్టివా అను పేరుతో అమ్ముడుపోయెను. దాని రూపకల్పన జపాను దేశపు మాజ్దా కంపెనీది. చేసిన చేతులు కొరియావారివి. ముందుభాగమున మెఱసిన పేరు ఫోర్డు. కొన్నవారిలో ఎందఱకు కియా యను పేరు తెలిసియుండును? పనియున్నను పేరు లేనివాని స్థితి యెట్టిదో దీనివలన గ్రహింపవచ్చును.

1997లో ఆసియా ఖండమున పెద్ద ఆర్థికసంక్షోభము సంభవించెను. అప్పుల భారముతో కియా దివాలా తీసెను. దానిని వేలమునకు పెట్టగా ఫోర్డు కంపెనీయు పోటీపడెను గాని, 1998లో హ్యుందాయ్ దానిని గెలుచుకొని 51 వంతుల వాటాను కొనెను. గెలిచినవాడు ఓడినవాని పేరును తుడిచివేయుట లోకములో సహజము. హ్యుందాయ్ అట్లు చేయలేదు. లోపలి ఇంజనులను, చట్రములను ఒకటి చేసి, వెలుపలి పేరును, రూపమును, అంగళ్లను వేఱుగా నుంచెను. 2006లో పీటర్ ష్రేయర్ అను జర్మనీ దేశపు రూపశిల్పిని కియా పిలిపించుకొనెను. ఆయన కార్ల ముందుభాగమునకు పులిముక్కును పోలిన జాలీని కల్పించెను. దూరమునుండి చూచినను ఇది కియా యని గుర్తుపట్టునట్లు చేయుటయే ఆయనకప్పగించిన పని. దివాలా తీసిన కంపెనీ ఇట్లు తన ముఖమును తాను సంపాదించుకొనెను.

ఇప్పుడు మన రహదారినే పట్టుకొని దక్షిణమునకు పోవుదము. హైదరాబాదు, కర్నూలు, అనంతపురములను దాటి నాలుగు వందల కిలోమీటర్లకు పైగా పోయినచో, ఒకప్పుడు విజయనగర రాజులకు రెండవ రాజధానియైన పెనుకొండ వచ్చును. అచ్చట ఎఱ్ఱమంచి గ్రామమువద్ద, ఈ రహదారి ప్రక్కనే, ఐదు వందల ఎకరములకు మించిన స్థలములో కియా కర్మాగారమున్నది. 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వముతో ఒడంబడిక జరిగెను. 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో కట్టిన యీ కర్మాగారమునుండి 2019లో సెల్టోస్ అను తొలికారు విపణికి వచ్చెను. సంవత్సరమునకు మూడు లక్షల కార్లు చేయగల శక్తి దానికి గలదు. 2023 జూలైలో పదిలక్షలవ కారు వెలువడెను. దేశమంతటిలో వానలు మిక్కిలి తక్కువగా కురియు సీమలలో అనంతపురము సీమ యొకటి. వేరుసెనగ పంటను నమ్ముకొని తఱచుగా నష్టపోయిన ఆ సీమకు అది పెద్ద మార్పు. కొండక్రింది యూళ్లలో నేడు కొరియా భోజనశాలలు సైతము వెలసినవి.

ఇక హ్యుందాయ్ కర్మాగారము తమిళనాడులో శ్రీపెరుంబుదూరు సమీపమున నున్నది. 1998లో శాంట్రో కారు అచ్చటనుండియే వచ్చినది. ఆ సంస్థకు చెందిన ఇంజనీరింగు కేంద్రమొకటి మన హైదరాబాదులోనే పనిచేయుచున్నది. 2019 నాటి సెల్టోసులోను, 2020లో వచ్చిన రెండవ తరపు క్రెటాలోను అదే కుటుంబపు 1.5 లీటర్ల పెట్రోలు, డీజిలు ఇంజనులు అమర్చబడెను. ఒకటి కియా, మఱియొకటి హ్యుందాయ్. రోడ్డుప్రక్క వాదులాడు బాలురిద్దఱును, ఇంజను మట్టుకు చూచినచో, ఒకే దానిని పొగడుచున్నారన్నమాట.

అట్లయిన ఇది మోసమా? తొందరపడి అట్లనరాదు. ఇంజను ఒకటియైనను ఆకారము, ఆసనములు, కుదుపులనాపు స్ప్రింగుల బిగువు, హామీ పత్రము, మరమ్మతు చేయు అంగళ్లు, పాతబడినప్పుడు తిరిగి వచ్చు వెల - ఇవి వేఱువేఱు. మఱియు పేరనునది వట్టి అక్షరములు కాదు. సామాన్య కుటుంబీకుడు కారు కొనుట జీవితములో ఒకటి రెండు మాఱులే. అతడు ఇంజనును విప్పి పరీక్షింపజాలడు. అందుచేత అతడు పేరును జామీనుగా పుచ్చుకొనును. “పేరున్న కంపెనీ కదా, మోసగింపదు” అను విశ్వాసమునకు అతడు కొంత వెల యిచ్చును. ఆ విశ్వాసమును పుట్టించుటకు దశాబ్దములు పట్టును. కావుననే తెలివిగల యజమాని తాను కొన్న కంపెనీయొక్క మంచిపేరును చంపివేయడు. 2008లో మన టాటా కంపెనీ ఫోర్డువద్దనుండి జాగ్వార్, ల్యాండ్ రోవర్ అను ఇంగ్లండు దేశపు కార్ల సంస్థలను కొన్నప్పుడు ఆ కార్లపై టాటా పేరును అతికింపలేదు. వానిని కొనువారు కోరునది ఆ పాతపేరునే యని ఎఱిగి, దానిని అట్లే కాపాడెను.

అయితే ఇందులో నొక అపాయమును గలదు. లోపలిది ఒకటియైనప్పుడు లోపమును ఒకటియే యగును. 2017లో అమెరికా దేశమున ఒక తరగతి ఇంజనులో దోషము బయటపడగా, హ్యుందాయ్, కియా కంపెనీలు రెండును కలసి పదిలక్షలకు మించిన కార్లను వెనుకకు పిలిపింపవలసివచ్చెను. కలసి సంపాదించినవారు కలసియే నష్టపడిరి.

పేరు నిలువని పొత్తునకు దృష్టాంతము మనకు మఱింత సమీపముననే గలదు. 1942లో, నిజాము ప్రభుత్వకాలమున, హైదరాబాదు ఆల్విన్ లోహ కర్మాగారము స్థాపింపబడెను. నగరపు వీధులలో తిరిగిన రెండంతస్తుల బస్సుల పైభాగములను కట్టిన ఖ్యాతి దానిదే. తరువాత అది శీతలయంత్రములను, జపాను దేశపు సీకో సంస్థ సహాయముతో చేతిగడియారములను చేసెను. 1980 తరువాతి దశకములో నిస్సాన్ కంపెనీతో పొత్తు కుదుర్చుకొని, జహీరాబాదులో ఆల్విన్-నిస్సాన్ అను పేరుతో చిన్న సరకుబండ్లను చేయ మొదలిడెను. ఆ వ్యాపారము కొంతకాలమునకు మహీంద్రా కంపెనీవశమయ్యెను; శీతలయంత్రముల శాఖ వోల్టాస్ సంస్థలో కలసిపోయెను. నేడు జహీరాబాదులో మహీంద్రావారి ట్రాక్టర్లు తయారగుచున్నవి. అచ్చట పని నిలిచినది. ఆల్విన్ పేరు మాత్రము బండ్లపై లేదు. కూకట్‌పల్లి ప్రాంతమున ఆల్విన్ కాలనీయనియు, మియాపూరువద్ద ఆల్విన్ చౌరస్తాయనియు స్థలనామముగా మిగిలినది. బస్సు దిగునప్పుడు ఆ పేరు పలుకు పిల్లలకు అది యొక కర్మాగారపు పేరని తెలియకపోవచ్చును. కాని ఆ గడియారము కట్టుకొని పనికి పోయిన తాతగారున్న యిండ్లలో అది ఇంకను మఱవని పేరే.

పేరుకొఱకును, మర్యాదకొఱకును పొత్తులు చెడుటయు గలదు. 1998లో జర్మనీ దేశపు డైమ్లర్, అమెరికా దేశపు క్రైస్లర్ సమానులముగా కలసితిమని చాటిరి. కాని పద్ధతులు వేఱు, జీతములు వేఱు, ఆజ్ఞాపించువాడెవడను సంశయము వేఱు. 2007లో డైమ్లర్ క్రైస్లరులోని తన వాటాలో ఎక్కువ భాగము నమ్మివేసెను. 2024 డిసెంబరులో హోండా, నిస్సాన్ కంపెనీలు కలియుదుమని మాటలాడుకొనిరి. హోండా తనను పై సంస్థగను, నిస్సానును తన క్రింది సంస్థగను ఉంచ ప్రతిపాదింపగా, 2025 ఫిబ్రవరిలో ఆ సంప్రదింపులు నిలిచిపోయెను. సొమ్ము లెక్క సరిపోయినను మనస్సుల లెక్క సరిపోనిచో పొత్తు నిలువదని వీనివలన తేలుచున్నది.

కావున కారు కొనదలచిన తలిదండ్రులకు నా మనవి యిది. పేరును చూచి మురియకముందు మూడు ప్రశ్నలడుగుడు. ఈ బండిలోని ఇంజను మఱి యే పేరుగల బండిలో నున్నది, దాని వెల యెంత? మన యూరికి సమీపమున మరమ్మతు చేయువారున్నారా? ఈ పేరు పోయి మఱియొక పేరు వచ్చినను భాగములు దొరకునా? ఈ మూటికి తృప్తికరమైన సమాధానము వచ్చినచో పేరునకు కొంత అధికముగ నిచ్చినను నష్టము లేదు. రానిచో, ఎంత మెఱయు పేరైనను “పేరు గొప్ప, ఊరు దిబ్బ” యను సామెతకు ఉదాహరణమగును.

బాలబాలికలారా, మీలో కొందఱు రేపు ఇట్టి కర్మాగారములలో పనివారుగను ఇంజనీర్లుగను చేరవచ్చును. యజమానులు మాఱుదురు, కంపెనీల పలకలు మాఱును. సైకిలు భాగములు చేసిన సంస్థ దివాలా తీసియు లేచి నిలిచినదన్న, దానికి కారణములలో ముఖ్యమైనది పని నేర్చిన చేతులు దానియందుండుటయే. ఇకమీదట రహదారిపై కార్ల లారీ పోవునప్పుడు పేరును చదివి ఊరకుండక, ఆ పేరు వెనుక ఎన్ని దేశముల పనివారు గలరో, వారిలో మన పెనుకొండవారు, జహీరాబాదువారు ఎందఱో ఒకమాఱు తలచుకొనుడు. అప్పుడు మీ వాదము ఏ పేరు గొప్పదని కాక, ఏ పని మంచిదని మాఱును.