వార్తల్లో పదం: జుక్‌మన్ పన్ను

ఫ్రాన్స్ బడ్జెట్ చర్చల్లో పదేపదే వినిపించిన మాట ‘జుక్‌మన్ పన్ను’. 10 కోట్ల యూరోలకు మించి ఆస్తి ఉన్నవారు ఏటా అందులో కనీసం 2 శాతమైనా పన్నుగా కట్టాలన్నది ఆర్థికవేత్త గాబ్రియేల్ జుక్‌మన్ ప్రతిపాదన. పాత సంపద పన్నుకూ దీనికీ తేడా ఉంది. ఆదాయ పన్ను వగైరాల కింద కట్టింది పోను, తగ్గిన మొత్తాన్నే ఇక్కడ వసూలు చేస్తారు. 100 కోట్ల యూరోల ఆస్తిపరుడు అప్పటికే 50 లక్షలు కట్టి ఉంటే మరో కోటిన్నర కట్టాలి. 2 కోట్లు దాటి కట్టినవారిపై కొత్త భారమేమీ పడదు.

ఇంత ఆలోచన ఎందుకంటే, అత్యంత సంపన్నుల లాభాలు సొంత హోల్డింగ్ కంపెనీల్లోనే ఉండిపోతాయి. వ్యక్తిగత ఆదాయంగా చేతికి రావు కనుక ఆదాయ పన్నుకు అందవు. 2023లో వెలువడిన ఫ్రాన్స్ అధ్యయనం ప్రకారం, పైనున్న 0.1 శాతం కుటుంబాలపై 46 శాతంగా ఉన్న పన్ను భారం, అందరికన్నా పైనున్న 75 కుటుంబాల దగ్గర 26 శాతానికి పడిపోయింది. అంకుర సంస్థల అధిపతుల దగ్గర వాటాలే తప్ప నగదు ఉండదన్న అభ్యంతరం బలమైనదే. వాటాలనే పన్నుగా ఇవ్వవచ్చన్నది జుక్‌మన్ జవాబు. సంపన్నులు దేశం వదిలిపోతారన్న భయానికి, వెళ్లాక కూడా కొన్నేళ్లు పన్ను వర్తింపజేయాలంటారు. రాబడిపై మాత్రం లెక్కలు కలవడం లేదు: ఏటా సుమారు 2,000 కోట్ల యూరోలు వస్తాయని ఆయన, 500 కోట్లేనని మరికొందరు ఆర్థికవేత్తలు. మన దేశమైతే 1957 నాటి సంపద పన్నును 2015 బడ్జెట్‌లో రద్దుచేసి, కోటి రూపాయలు దాటిన ఆదాయాలపై 2 శాతం అదనపు సర్‌ఛార్జీ వేసింది. ఫ్రాన్స్‌లో 2025 ఫిబ్రవరిలో దిగువ సభ ఆమోదించిన జుక్‌మన్ పన్నును జూన్‌లో సెనేట్, అక్టోబరు 31న దిగువ సభే తోసిపుచ్చాయి.