లెక్క తప్పిందా... వేషం మారిందా?

మీరు ఈ వాక్యం చదివేలోపు గాలిలో పుట్టిన న్యూట్రినోలే కొన్ని వేలు మీ ఒంట్లోంచి దూసుకెళ్లిపోయి ఉంటాయి.  గోడలేంటి... భూగోళమే అడ్డొచ్చినా ఆగని ఆ కణాలు ఎన్ని పుడుతున్నాయో ముందే లెక్కగట్టారు శాస్త్రవేత్తలు. ఆ లెక్క కుదరకపోవడమే ఓ నోబెల్‌ బహుమతికి దారితీసింది!

పుట్టేది గాలిలోనే

అంతరిక్షం నుంచి కాస్మిక్‌ కిరణాలు నిత్యం భూమ్మీదికి వస్తుంటాయి. వాటిలో ఎక్కువ భాగం ప్రోటాన్లే. అవి గాలిలోని అణువులను ఢీకొన్నప్పుడు పయాన్లనే కణాలు పుడతాయి. పయాన్‌ క్షణంలో విచ్ఛిన్నమై మ్యూయాన్‌గా మారుతుంది. ఆ మ్యూయాన్‌ ఎలక్ట్రాన్‌గా మారుతుంది. ఈ రెండు అంచెల్లో కలిపి రెండు మ్యూయాన్‌ రకం న్యూట్రినోలూ ఒక ఎలక్ట్రాన్‌ రకం న్యూట్రినో వెలువడతాయి.

వీటి జాడను తొలిసారి పట్టుకున్న చోట్లలో ఒకటి మన చిత్తూరు జిల్లా సరిహద్దుకు దగ్గర్లోని కోలార్‌ బంగారు గనులే. 1965లో టాటా పరిశోధన సంస్థ, జపాన్, బ్రిటన్‌ శాస్త్రవేత్తలు 2 కిలోమీటర్లకు పైగా లోతున పరికరాలు పెట్టి వాటిని గుర్తించారు. అదే ఏడాది దక్షిణాఫ్రికా గనిలోనూ దొరికాయి.

పెళ్లి భోజనాల లెక్క

ఎన్ని పుడతాయో చెప్పాలంటే ఎన్ని ప్రోటాన్లు వస్తున్నాయో తెలియాలి. బెలూన్లూ వ్యోమనౌకలతో వాటిని కొలిచారు. సూర్యుడి ఉద్ధృతి పెరిగితే అవి తగ్గుతాయి. బలహీనమైన ప్రోటాన్లను భూమి అయస్కాంత క్షేత్రం దారి మళ్లిస్తుంది. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న మన దేశంలో ఆ అడ్డు ఎక్కువ కాబట్టి తక్కువ శక్తి న్యూట్రినోలు ఇక్కడ తక్కువ. జపాన్‌కు చెందిన మొరిహిరో హోండా బృందం ఇవన్నీ కంప్యూటర్‌లో పెట్టి ఏళ్ల తరబడి లెక్కలు వేసింది. తమిళనాడులోని తేని దగ్గర తలపెట్టిన ప్రయోగశాల కోసం కూడా ఆ లెక్క చేశారు.

ఇంతచేసినా మొత్తం సంఖ్యలో 20 శాతం దాకా తేడా రావచ్చనుకునేవారు. కానీ రెండు రకాల నిష్పత్తి మాత్రం అంతగా మారదు. పెళ్లికి ఎంతమంది వస్తారన్న అంచనా తప్పొచ్చు. వచ్చేదంతా జంటలే అయితే ఆడా మగా సమానంగా ఉండాల్సిందే కదా!

సగం ఏమైనట్టు?

1988లో జపాన్‌లోని కమియోకాండె ప్రయోగంలో ఎలక్ట్రాన్‌ రకం లెక్క ప్రకారమే కనిపించింది. మ్యూయాన్‌ రకం మాత్రం అనుకున్నదాంట్లో సుమారు 60 శాతమే! లెక్కే తప్పన్నారు కొందరు. పరికరం తప్పన్నారు ఇంకొందరు.

తేల్చడానికి 50 వేల టన్నుల నీటితో సూపర్‌ కమియోకాండె వచ్చింది. కాస్మిక్‌ కిరణాలు భూమికి అన్ని వైపుల నుంచీ ఒకేలా వస్తాయి. కాబట్టి అధిక శక్తి న్యూట్రినోలు పైనుంచి ఎన్ని వస్తే, భూమి అవతలివైపు పుట్టి కిందినుంచి వచ్చేవీ అన్నే ఉండాలి. 1998లో చూస్తే... కిందినుంచి వచ్చే మ్యూయాన్‌ రకం దాదాపు సగమే ఉంది! 12 వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణంలో అవి టౌ అనే మరో రకంగా వేషం మార్చుకున్నాయన్నమాట. అలా మారాలంటే వాటికి ఎంతోకొంత ద్రవ్యరాశి ఉండాలి. అప్పటిదాకా భౌతికశాస్త్ర ప్రామాణిక సిద్ధాంతం లేదన్నది దాన్నే.

ఆ ఆవిష్కరణకు తకాకి కజితా 2015లో నోబెల్‌ను కెనడా శాస్త్రవేత్త ఆర్థర్‌ మెక్‌డొనాల్డ్‌తో పంచుకున్నారు. ఎంత ఉండాలో ముందు తెలిస్తేనే కదా... ఎంత తగ్గిందో తెలిసేది!