పసిబిడ్డతో మరల చెన్నపట్టణము

మేము చెన్నపట్టణమును విడిచి తెనాలికి వచ్చి యేడేండ్లయినది. అంతకు ముందు తొమ్మిదేండ్లు మైలాపురమున నొక మేడమీది రెండు గదులలో కాపురముంటిమి. 1996 నుండి ఆ పట్టణమునకు చెన్నై యని పేరైనను మా యిండ్లలో నిప్పటికిని చెన్నపట్టణమే. గత ధనుర్మాసమున, అచ్చటి పాఠశాల యొకదానిలో తెలుగు పండితోద్యోగము ఖాళీ యైనదనియు, వచ్చి చూచుకొని చెప్పవలసినదనియు మావారికి జాబు వచ్చినది. వారికి పోవలెనని యుండెను, మాకును లేకపోలేదు. కాని యిప్పుడు మాకు రెండేండ్ల మూడు నెలల పిల్ల యున్నది. దానిని వెంటబెట్టుకొనిపోయి చూడక యే మాటయు నీయరాదని మువ్వురమును బయలుదేరితిమి.

ఉదయము పినాకినిలో నెక్కితిమి. ఐదేండ్లలోపు బిడ్డకు వేరు చోటు కోరనిచో రైలులో టిక్కెట్టు లేదు గాని, ఒడిలో బరువు మాత్రము కలదు! పెరుగన్నము, కాచి చల్లార్చిన నీరు, అరటిపండ్లు, రెండు పాత చీరల ముక్కలు చేతిసంచిలో పైనే యుంచుకొంటిమి. సున్నియుండలు మాత్రము తీసికొనిపోకుడు. అవి బిడ్డ నోటికన్న మావారి చొక్కాకే యెక్కువగా నంటినవి. తడ దాటిన పిమ్మట స్టేషను పలకలపై లిపి మారినది. మా చిన్నదానికి లిపితో నేమి పని? పొలములలోని కొంగలకు చేయి యూపుచుండెను.

మేము కాపురమున్న యిల్లు లేదు. ఆ స్థలమున నాలుగంతస్తుల కట్టడము లేచినది. ఇంటి యజమానురాలైన మామి అందే రెండవ యంతస్తున నున్నది. “వాంగో, వాంగో” యని యెదురువచ్చి మా చేతిలోని బిడ్డను లాగుకొనినది. మరునాటి యుదయము గుమ్మము ముందు ఆమె పెట్టిన ముగ్గును చిన్నది రెండు చేతులతోను తుడిచివేసినది. మేము కసరబోగా మామి వారించి, పిండి పిడికెడు దాని చేతిలో పోసి, “నీయే పోడు” అనినది. నీవే వేయుమని భావము. పిదప బాల్కనీలో కాకులకన్నము పెట్టుచు “కాక్కా, కాక్కా” యని నేర్పినది. ఆనాటి నుండి మా యింట రెక్కలున్న ప్రతిదియు కాక్కాయే.

పూర్వము లజ్ కూడలి నుండి కపాలీశ్వరుని కోవెలకు మాటలాడుకొనుచు సునాయాసముగ నడచెడివారము. ఇప్పుడు గోతుల పక్కగా బిడ్డను చంకనెత్తుకొని పోవుసరికి ప్రాణములు కడబట్టినవి. నగరము మారినదో, మా చంక మారినదో చెప్పజాలము. ఊపిరి పీల్చుకొన్నది నాగేశ్వరరావు పార్కులోనే. అమృతాంజనమును, ఆంధ్రపత్రికను నెలకొల్పిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1938లో గతించిరి. ఆయన పేరిటి చెట్లనీడను మా పిల్ల గంటసేపు పరుగులెత్తినది.

ఎగ్మూరులో 1851లో స్థాపింపబడిన మ్యూజియమునకును పోయితిమి. అందు అమరావతి స్తూపమునుండి తెచ్చిన శిల్పములు కలవు. వెనుక ఆదివారములందు వానిముందు నిలిచి, మన కృష్ణాతీరపు రాళ్లే కదా యని పొంగెడివారము. ఈసారి పొంగు రాలేదు. చిన్నది చల్లని నేలపై బోర్ల పండుకొని యాడుచుండగా, ఈ పిల్లయు నిట్లే పుట్టినచోటు తెలియక పెరుగునా యని దిగులు పుట్టినది.

ఆ దిగులునకు కారణము ముందునాడు చూచిన పాఠశాల. మావారు చెప్పవలసిన తరగతిలో పదునొకండుగురు పిల్లలుండిరి. ఆ రాష్ట్రమున 2006లో చేసిన చట్టముచేత ఒకటవ తరగతి మొదలుకొని క్రమక్రమముగ తమిళము తప్పనిసరి యైనది. అది తప్పని మేమనము. అచ్చట పెరుగు బిడ్డకా భాష యన్నమువంటిది. తొమ్మిదేండ్లుండియు కూరగాయల బేరమునకు చాలినంత తమిళమే నేర్చి, మామితో మనసువిప్పి మాటలాడలేకపోవుట మా లోపమే. కాని తెలుగు మాటయేమి? మాకు మా నాన్నగారు ఇంటనే అమరమును, వసుచరిత్రమును చెప్పిరి. అంతటి తీరిక యిప్పుడెవరికి?

“బడిలో తెలుగు చెప్పునది నేనే కదా, మన పిల్లకేమి కొదువ?” అని మావారనిరి.

“పిల్ల మీ తరగతికి వచ్చునప్పటికి ఆ తరగతి యుండునా?” అని మేమడిగితిమి.

వారు మాటలాడలేదు. ఆ రాత్రి భోజనము సరిగా చేయనులేదు.

తిరుగు ప్రయాణమున గూడూరు దాటినపిమ్మట చిన్నది తీగపై పిట్టను చూచి “కాక్కా” యనినది. “కాకి” యని మావారు దిద్దిరి. “కాక్కా!” యని అది కేక పెట్టినది. ఎదుటి బల్లవారందరును నవ్విరి. నవ్వులాగిన పిమ్మట మావారు మెల్లగా, “చెప్పువారు పోకున్న ఆ తరగతి నిజముగనే యుండదు” అనిరి. అది మేమడిగినదానికి రెండు దినములు గడచి వచ్చిన జవాబు. మాకు ఎదురాడ తోచలేదు.

సంక్రాంతి వెళ్లినపిమ్మట, జూనులో చేరుదునని వారు వ్రాసిరి. చిన్నదానికి అక్షరాభ్యాసము మాత్రము తెనాలిలో, మా నాన్నగారి చేతిమీదనే జరుగవలెనని మేము కోరితిమి, వారొప్పుకొనిరి. గదుల కొరకు మామికి మేమే జాబు వ్రాసితిమి. నాలుగే వాక్యములు, అక్షరములు కూడబలుకుకొని తమిళమున వ్రాయుటకు రెండు సాయంకాలములు పట్టినది. జవాబింకను రాలేదు.